గొర్రెల దొణకు దారి

ఆ రోజు కొండలో మా దగ్గర ఉన్నవి ఇవి. దూరాన్నీ కోణాన్నీ ఒకేసారి కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం ఒకటి, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు ఒకటి, చివర అద్దం బిగించిన కడ్డీలు రెండు, వాకీటాకీలు మూడు, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, గొడుగు ఒకటి, ప్రథమ చికిత్స డబ్బా ఒకటి. డబ్బాలో దూది, గాజుగుడ్డ, టింక్చరు సీసా, జ్వరం మాత్రలు ఎనిమిది. ఫోన్లు మూడు. మూడింటిలోనూ సిగ్నల్ లేదు.

మనుషులం ముగ్గురం. యంత్రం దగ్గర నేను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు, సివిల్ డిప్లొమా, బళ్ళారిలో ఒక చిన్న సర్వే ఆఫీసులో మూడేళ్ల అనుభవం. ఒక కడ్డీ పట్టుకునేది మామ. సొంత మామ కాదు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, మోక ఊరాయన, నేను పుట్టకముందే ఈ పనిలో చేరినవాడు. ఆఫీసులో చిన్నవాళ్లందరం ఆయన్ని మామా అనే పిలిచేవాళ్లం. రెండో కడ్డీ తెక్కలకోట నుంచి వచ్చే ముప్పై ఏళ్ల మనిషిది. ఆయన్ని అన్నా అనేవాణ్ణి. జీపు డ్రైవరు కొండలోకి రాలేదు. కింద పాత చెక్‌పోస్టు దగ్గర, జీపు నీడలో ఉన్నాడు.

మేము వెళ్లింది తోరణగల్లు దాటాక దక్షిణంగా కనిపించే కొండల్లోకి. అక్కడ మూతపడిన ఇనుప ఖనిజం గని ఒకటుంది. దాని చుట్టూ వాన నీరు ఆగడానికి చిన్న కట్టలు కట్టి మొక్కలు నాటాలని ఒక పథకం. ఎక్కడ ఎంత ఎత్తుందో కొలిచి పటం గీసివ్వడం మా పని. పన్నెండు రోజుల పని అనుకున్నాం. ఇది తొమ్మిదో రోజు.

చెక్‌పోస్టు అంటే ఇప్పుడు ఒక రేకుల గది, విరిగిన అడ్డ గడ. గని నడిచిన రోజుల్లో లారీలన్నీ కొండ అవతల నుంచి చుట్టు తిరిగి వచ్చి అక్కడ ఆగి కాగితాలు చూపించి కదిలేవట. ఇప్పుడు పక్కన ఒక టీ అంగడి మాత్రం మిగిలింది. అక్కడి దాకా తారు రోడ్డు. ఆ తర్వాత ఎండిన వాగు పట్టుకుని పైకి నడవాలి. ఒకటి పాయింటు ఎనిమిది కిలోమీటర్లు. వాగు పుట్టే చోట మూడు వైపులా కొండ, మధ్యలో గిన్నె లాంటి పల్లం. ఆ పల్లంలో ఒక పెద్ద బండ మీద సహజంగా ఏర్పడిన తొట్టి ఉంది. ఎండాకాలంలో కూడా అందులో మోకాలి లోతు నీళ్లుంటాయి. గొర్రెలోళ్లు మందల్ని అక్కడికి తోలుకొస్తారు.

నా పటంలో ఆ బండ పేరు పద్నాలుగు.

నాకు ప్రతి చోటుకీ నంబరు పెట్టే అలవాటు. పని అలా నేర్పింది. పేర్లు ఒక్కొక్కరి నోట ఒక్కోలా ఉంటాయి, నంబరు మారదు అని మా లెక్చరర్ చెప్పేవాడు. మామకు నంబర్లు నిలిచేవి కావు.

"మామా, పద్నాలుగుకి పో" అనేవాణ్ణి వాకీటాకీలో.

కాసేపు గరగర. తర్వాత ఆయన గొంతు. "పద్నాలుగంటే యాడప్పా? గొర్రెల దొణ కాడనా?"

"అదే మామా. పద్నాలుగు."

"నీ నంబర్లకి గొర్రెలు నీళ్లు తాగవప్పా ఇంజనీరప్పా. దొణ అను. పోతాండా."

అవతలి గుట్ట మీద నుంచి అన్న కలగజేసుకునేవాడు. "ఊరుకో మామా. ఆయప్ప సిలబస్‌లో దొణ లేదు."

నేను ఇంజనీర్ని కాదు, డిప్లొమా మాత్రమే. అది మామకు తెలుసు. తెలిసే అలా పిలిచేవాడు. మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలో చల్లారిన చిత్రాన్నం చూసి, తన జొన్న రొట్టె చించి గురెళ్ళ పొడి అద్ది చేతిలో పెట్టేవాడు. "తినప్పా. చిత్రాన్నం కొండ ఎక్కదు" అనేవాడు.

ఆయన పనితనం గురించి ఒక్క విషయం చెప్పాలి. కడ్డీకి చిన్న గాజు బుడగ బిగించి ఉంటుంది. బుడగ వలయం మధ్యలో ఉంటే కడ్డీ నిటారుగా ఉన్నట్టు. కొత్తవాళ్లు దాన్ని మధ్యకు తేవడానికి అర నిమిషం తంటాలు పడతారు, తెచ్చాక చెయ్యి వణికి మళ్లీ పోగొడతారు. మామ కడ్డీ నేలకు ఆనించేటప్పటికే అది నిటారుగా ఉండేది. గాలిలో కూడా. మూడేళ్లలో ఆయన పట్టుకున్న కడ్డీ వాలినట్టు నేను చూడలేదు.

ఆ రోజు వాలింది.

దుర్బిణిలో చూస్తున్నాను. ఆయన దొణ పక్కన నిలబడ్డాడు, నాకు నూట నలభై మీటర్ల దూరంలో. అద్దం ఎడమ పక్కకు జరుగుతోంది.

"మామా, బబుల్ చూడు."

"చూస్తాండా."

సర్దుకుంది. రీడింగు తీసుకున్నాను. రెండడుగుల అవతలికి జరగమన్నాను. జరిగాడు. మళ్లీ వాలింది.

"మామా, బబుల్."

"చూస్తాండాప్పా."

మూడోసారి నేను కొంచెం గట్టిగా అన్నాను. "నిద్రపోతాండావా ఏంది మామా? కడ్డీ ఒక పక్కకి పోతాండాది."

కడ్డీ నిటారు అయింది. రీడింగు నొక్కాను. ఆ యంత్రం ప్రతి రీడింగుకూ సమయం వేస్తుంది. పది గంటల యాభై రెండు నిమిషాలది ఒకటి, పది యాభై ఏడుది ఒకటి. నేను విసుక్కున్న మాట ఆ రెండింటి మధ్య ఉంది.

తర్వాత ఆయన బండ మీద కూర్చున్నాడు. వాకీటాకీలో అన్నాడు, "గ్యాస్ పట్టిండాదప్పా. ఎదలో మంట. స్వల్ప కూర్చుంటా."

"కూర్చో మామా. నీళ్లు తాగు" అన్నాను. ఆ విరామంలో నేను బ్యాటరీ మార్చాను, స్టాండు కాళ్లు బిగించాను, పుస్తకంలో నాలుగు అంకెలు రాసుకున్నాను. పనిమంతుణ్ణి. ఎనిమిది నిమిషాలు పోయాక తలెత్తి చూస్తే ఆయన కూర్చుని లేడు, పడుకుని ఉన్నాడు.

నేను వెళ్లేసరికి అన్న కూడా అటు గుట్ట దిగి వచ్చాడు. మామ చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట. ముఖం బూడిద రంగు. ఎడమ చెయ్యి కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు, అది ఎవరిదో వస్తువు అన్నట్టు.

"ఏంది మామా, యాడ నొప్పి?"

"నొప్పి లేదప్పా. బండ పెట్టినట్టుండాది." ఎద మీద చూపించాడు. "చెయ్యి గుంజుతాండాది."

అన్న జేబులో నుంచి వాము తీసి నలిపి ఇచ్చాడు. గ్యాస్ అయితే తగ్గుతుందన్నాడు. మామ నమిలాడు. తగ్గలేదు. అది గ్యాస్ కాదని నాకు అప్పటికే తెలుసు. ఒక ఫ్యాక్టరీ పనికి వెళ్లినప్పుడు భద్రతా శిక్షణ అని అరపూట కూర్చోబెట్టారు. అందులో గుండెపోటు గుర్తులు ఐదు చెప్పారు. ఐదులో నాలుగు నా ఎదుట ఉన్నాయి. నేను లెక్కపెట్టాను కూడా.

చేయగలిగినవి మూడు. ఒకటి, మేమిద్దరం ఆయన్ని మోసుకుని వాగులో దిగడం. రాళ్ల వాగు, ఆయన బరువైన మనిషి, గంట పైనే పడుతుంది. రెండు, అన్న పరుగున చెక్‌పోస్టుకు పోయి డ్రైవరుకు చెప్పడం. వాకీటాకీలు అంత దూరం అందవు, డ్రైవరు ఫోనుకూ అక్కడ సిగ్నల్ రాదు. జీపు వాగులోకి రాలేదు. అందులో పడుకోబెట్టి తీసుకుపోయినా దారిలో చేయడానికి మా దగ్గర ఏమీ లేదు. మూడు, కొండ నెత్తికి ఎక్కి ఫోను చేయడం. నాలుగో రోజు అక్కడ పాయింటు పెట్టినప్పుడు ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఇరవై నిమిషాల ఎక్కుడు.

నేను మూడోది ఎంచుకున్నాను. ఆలోచనలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది, మందు ఉంటుంది, తెలిసిన మనుషులుంటారు. అన్నను ఆయన దగ్గర ఉండమన్నాను. నేను వెళ్తానన్నాను, ఎందుకంటే మేమున్న చోటు సరిగ్గా ఎక్కడో నాకు తెలుసు. పుస్తకంలో ఉంది. అక్షాంశం, రేఖాంశం, దశాంశం తర్వాత ఆరు అంకెల దాకా. జానెడు తేడా కూడా లేకుండా.

పుస్తకం జేబులో పెట్టుకుంటుంటే మామ నా ప్యాంటు అంచు పట్టుకున్నాడు.

"ఇంజనీరప్పా, ఇట్ల విను. గొర్రెల దొణ అని చెప్పు. పాత చెక్‌పోస్టు కాడ దిగి వాగులో పైకి రమ్మను. దొణ అంటే ఈడ ఎవురైనా చూపిస్తారు." ఊపిరి తీసుకున్నాడు. "గనికి పోయే మైన్ రోడ్డు ఎక్కొద్దని చెప్పు. ఆ పక్క ఎక్కితే దిగేకి లేదు."

"సరే మామా. నీవు మాట్లాడొద్దు" అన్నాను.

ఎక్కాను. పదహారు నిమిషాల్లో ఎక్కాను. నెత్తి మీద ఒక గీత సిగ్నల్ ఉంది, వస్తూ పోతూ. రెండుసార్లు కలవలేదు. మూడోసారి ఒక ఆడమనిషి ఎత్తింది. కన్నడంలో అడిగింది, నేను కన్నడంలోనే చెప్పాను. ఎవరికి, ఎంత వయసు, ఏమైంది. అన్నీ వరుసగా, తడబడకుండా చెప్పాను. ఏ తాలూకా అని అడిగితే చెప్పాను. దగ్గరలో ఏ ఊరు అని అడిగింది. ఊరు లేదు, అడవి, అక్షాంశ రేఖాంశాలు ఇస్తాను రాసుకోండి అన్నాను.

ఆమె రాసుకుంది. తిరిగి చదివి వినిపించింది. ఒక అంకె తారుమారైతే సరిదిద్దాను. ఆ క్షణం నాకు గుర్తుంది. ఆయాసం ఇంకా తీరలేదు, అయినా లోపల ఎక్కడో ఒక చిన్న తృప్తి. చదువు పనికొచ్చింది అన్న తృప్తి.

ఆమె వదల్లేదు. "ఏనాదరూ గుర్తు హేళి సర్" అంది. ఏదైనా గుర్తు చెప్పండి, జనం పిలిచే పేరేదైనా ఉంటే చెప్పండి అని.

నేనన్నాను, "గుర్తేమీ లేదు మేడం. ఆ అంకెలు మ్యాపులో పెట్టండి చాలు. సరిగ్గా మా దగ్గరికే వస్తారు."

మామ చెప్పిన మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే చెప్పుకోవడానికి అదొక కారణం ఉండేది. గొర్రెల దొణ అనే పేరు ఏ పటంలోనూ లేదు, నేను వెతికాను, లేని పేరు చెబితే ఆమె తికమక పడుతుందనుకున్నాను. నా దగ్గర అంతకంటే మంచిది ఉందనుకున్నాను.

పది నిమిషాలకు అంబులెన్సు డ్రైవరు ఫోను చేశాడు. తెలుగాయన. "సర్, బయల్దేరినాము. మ్యాపులో దారి చూపిస్తాండాది. అట్లనే వస్తే సరిపోతాదా?"

"అట్లనే రండన్నా. మ్యాపు చూపించినట్టే రండి."

లైను పోయింది. ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను, మళ్లీ చేస్తాడేమోనని. చేయలేదు. దిగాను.

మామ తల అన్న ఒళ్లో ఉంది. గొడుగు నీడ పట్టాడు. తువ్వాలు దొణలో తడిపి ముఖం తుడుస్తున్నాడు. మామ కళ్లు తెరిచే ఉన్నాడు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "కలిసెనా?"

"కలిసింది మామా. బయల్దేరినారు."

"చెక్‌పోస్టు చెప్తివా?"

"చెప్పినా మామా."

ఆ అబద్ధం ఎందుకు చెప్పానో చెప్పగలను. ఆయనకు ఆందోళన కలగకూడదు. అది నిజమైన కారణం. ఇంకో కారణం కూడా ఉంది, అదీ నిజమైనదే. మ్యాపు వాళ్లను సరైన చోటికే తెస్తుంది కాబట్టి, చెప్పినా చెప్పకపోయినా ఒకటే అనుకున్నాను.

కాచుకున్నాం. ఎండ నడినెత్తికి వచ్చింది. మామ మధ్యలో కాసేపు కుదుటపడ్డట్టు కనిపించాడు. అన్న ఆయన్ని మాటల్లో పెట్టాలని చూశాడు.

"మామా, నీవు లేవకుంటే ఇంజనీరప్పకి పద్నాలుగు రాదు. మళ్లీ నన్ను తిట్టతాడు."

మామ పెదవులు కదిలాయి. "దొణ అనమను."

"అంటాడులే. ఈ పొద్దు నుంచి అంటాడు. ఏమప్పా?"

"దొణ" అన్నాను.

అన్న నవ్వాడు. మామ నవ్వినట్టే చేశాడు. తర్వాత తన డబ్బాలో రొట్టెలున్నాయని, ఎండకు గట్టిపడతాయని, మమ్మల్ని తినమని అన్నాడు. తింటామన్నాం.

సైరను మొదట విన్నది ఆయనే. నేను వినలేదు, అన్న వినలేదు. ఆయన కళ్లు కొండ నెత్తి వైపు తిరిగాయి. అప్పుడు మేము చెవులు పెట్టి విన్నాం. సన్నగా, గాలిలో తేలుతూ. వాగు కింద నుంచి కాదు. పై నుంచి. నెత్తి అవతల నుంచి.

"అది మైన్ రోడ్డు మీద ఉండాది" అన్నాడు మామ.

సైరను ఇంకా దగ్గరైంది, తర్వాత ఒకే చోట నిలబడిపోయింది, తర్వాత ఆగిపోయింది.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "నీవు చెప్పింటివి. వాళ్లు వినలేదేమో" అన్నాడు.

కొండెక్కాను.

నెత్తి మీద నుంచి అవతలికి చూస్తే కనిపించింది. గని తవ్విన వైపు కొండను మెట్లు మెట్లుగా కోసేశారు. ఒక్కో మెట్టు ముగ్గురు మనుషుల ఎత్తు, గోడలా నిటారు, ఎర్రటి మన్ను. అట్టడుగు మెట్టు మీద తెల్ల బండి. పక్కన ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో మడిచిన స్ట్రెచరు. మ్యాపు తన పని తాను చేసింది. నేనిచ్చిన బిందువుకు అతి దగ్గరగా వచ్చే రోడ్డు ఏదో చూసి, ఆ రోడ్డు చివరకు వాళ్లను తెచ్చింది. ఆ బిందువుకీ ఆ రోడ్డుకీ మధ్య ఏముందో దానికి తెలీదు. నాకు తెలుసు. ఆ మెట్ల ఎత్తులు రెండో రోజు నేనే కొలిచాను.

అరిచాను. వాళ్లు చేతులూపారు. ఫోను చేశాను, మొదటిసారే కలిసింది.

"సర్, మ్యాపు ఈడికే తెచ్చె. ఈడ గోడ ఉండాది. పేషెంటు యాడుండాడు?"

"అవతల. తప్పు నాదన్నా. మీరు వెనక్కి తిరిగి పాత చెక్‌పోస్టు దగ్గరికి రండి. మేము మోసుకుని దిగుతాం."

చుట్టు తిరిగి రావడానికి ఇరవై మూడు కిలోమీటర్లు. అందులో సగం గుంతల రోడ్డు.

నేను దిగేసరికి మామ దగ్గర ఇంకో మనిషి ఉన్నాడు. గొర్రెలాయన. సైరను విని మందను అవతలి వాలులో వదిలి వచ్చాడు. ఏమీ అడగకుండా భుజం మీది కంబళి తీసి నేల మీద పరిచాడు. మామను అందులోకి చేర్చాం. తల వైపు రెండు కొసలు గొర్రెలాయన పట్టుకున్నాడు, కాళ్ల వైపు నేనొకటి, అన్న ఒకటి. యంత్రం ఎండలో అలాగే నిలబడి ఉంది. మూడేళ్లలో దాన్ని నేను ఒంటరిగా వదిలిపెట్టడం అదే మొదలు.

వాగులో నడక నాకు ముక్కలుగా గుర్తుంది. కంబళి ఉన్ని వాసన. అన్న కాలు జారి మోకాలు కొట్టుకోవడం, చెయ్యి మాత్రం వదలకపోవడం. గొర్రెలాయన వెనక్కి నడుస్తూ, తల తిప్పకుండా, ఏ రాయి ఎక్కడుందో పాదంతోనే తెలుసుకుంటూ దిగడం. అడుగులు లెక్కపెడదామని మొదలుపెట్టాను. నాలుగు వందల దగ్గర మామ ఏదో అన్నాడు. ఆగాం.

"నీళ్లా మామా?"

కాదన్నట్టు తల ఆడించాడు. "మెల్లగా పోండప్పా. బండి వచ్చేకి తడువుంటాది. చుట్టు తిరగల్ల కదా" అన్నాడు.

మాతో ఆయన అన్న చివరి మాట అది. మళ్లీ నడిచాం. లెక్క పోయింది. ఇంకో మలుపు దాటాక గొర్రెలాయన నిలబడిపోయాడు. ఆయన మామ ముఖాన్ని చూస్తూ నడుస్తున్నాడు కాబట్టి ఆయనకే మొదట తెలిసింది. కంబళి దించాం. నేను శిక్షణలో చూపించినట్టు ఎద మీద రెండు చేతులు పెట్టి నొక్కాను. ముప్పై, తర్వాత రెండు ఊపిర్లు, మళ్లీ ముప్పై. పద్దెనిమిది విడతలు. అన్న నా భుజం పట్టుకుని, "చాలప్పా" అన్నాడు. అయినా ఇంకో మూడు విడతలు చేశాను.

చెక్‌పోస్టు చేరేటప్పటికి బండి అప్పుడే వచ్చి ఆగుతోంది. మా జీపు డ్రైవరు టీ అంగడి ముందు చేతులు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. బండిలో వచ్చిన మనిషి మామ నాడి చూశాడు, కళ్లు చూశాడు, గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాడు. అంబులెన్సు డ్రైవరు వాగు వైపు చూసి, నా వైపు చూశాడు. తిట్టాలని అడగలేదు ఆయన. నిజంగానే అర్థం కాక అడిగాడు.

"సర్, గొర్రెల దొణనా మీరుండేది? పోయిన నెల తేనెటీగలు కుట్టినాయని ఒకాయన్ని ఈడ నుంచే ఎత్తుకుపోతిమి. దొణ అనింటే నేరుగా వస్తాంటిమి."

మామది మోకలో రెండు గదుల ఇల్లు. పదకొండో రోజు కార్యం అయ్యాక, నేనూ అన్నా ఆయన రొట్టెల డబ్బా ఇవ్వడానికి వెళ్లాం. కొండ మీద నుంచి యంత్రంతో పాటు దించిన ఆ డబ్బా జీపు సీటు కింద ఉండిపోయింది. లోపల రొట్టెలు అప్పుడే తీసేశాం, కడిగి ఎండబెట్టాం. మూత మీద మేకుతో గీసిన చుక్క ఒకటుంది. ఆఫీసు డబ్బాల్లో తనది గుర్తుపట్టడానికి పెట్టుకున్నది.

మామ భార్య, మాకు అత్త, చాప మీద మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పక్కనే ఇద్దరు ఆడవాళ్లు అదే పని చేస్తున్నారు. మమ్మల్ని చూసి లేవబోయింది, వద్దన్నాం. డబ్బా తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. చేతులకు మిరప ఘాటు ఉందని కళ్లు తుడుచుకోలేదు, మోచేత్తో అద్దుకుంది.

"యాడ పడినాడప్పా?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. నాకు తెలిసిన జవాబు ఆరు దశాంశ స్థానాలది. అది కాక ఇంకోటి చెప్పాను.

"గొర్రెల దొణ కాడ అత్తా. పాత చెక్‌పోస్టు కాడ దిగి వాగులో పైకి పోతే వస్తాది. ఎండాకాలం కూడా నీళ్లుంటాయి."

"ఓ, దొణ కాడనా" అంది. ఆయన చెప్పి ఉన్నాడట. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయని, ఒకసారి సీసాలో పట్టుకొచ్చాడట కూడా.

నేను ఆమెకు మొత్తం చెప్పాను. ఆయన దారి ఎలా చెప్పాలో నాకు చెప్పాడని, నేను ఆ మాట ఫోనులో చెప్పలేదని, చెప్పానని ఆయనతో అబద్ధమాడానని, అందుకే బండి కొండ అవతలికి పోయిందని. అన్న మధ్యలో నా మోకాలు తట్టాడు, ఆపమని. ఆపలేదు. తొడిమెలు తీస్తున్న ఇద్దరి చేతులూ ఆగాయి.

అత్త చాలా సేపు డబ్బా మూత తిప్పుతూ ఉంది. తర్వాత, "ఆయప్పకి తెలిసెనా?" అంది.

"ఏంది అత్తా?"

"నీవు చెప్పలేదని."

"లేదు. వాళ్లు వినలేదేమో అన్నాడు."

ఆమె తల ఆడించింది. దాని అర్థం ఏమిటో నేను ఊహించగలను గాని చెప్పలేను. ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని మళ్లీ మొదలుపెట్టింది. మేము లేవబోతుంటే, తలెత్తకుండా ఇంకొకటి అడిగింది.

"బండి వచ్చి నిలబడిండె కదా ఆ పక్క. ఎంత దూరముండె, ఆయప్పకీ బండికీ?"

నేను సర్వేయర్ని. జవాబు నా దగ్గర లేదు. "దగ్గరే అత్తా" అన్నాను. ఆమె ఇంకో కాయ అందుకుంది.

మిగిలిన పని ఆ నెలాఖరులో పూర్తి చేశాం. మామ కడ్డీ అన్న పట్టుకున్నాడు, అన్నది కొత్తగా వచ్చిన ఒకాయన. చివరి రోజు పని అయ్యాక ఇంకో రెండు గంటలు ఉండమని ఇద్దర్నీ అడిగాను. ఎందుకని వాళ్లు అడగలేదు. యంత్రాన్ని కొండ నెత్తి మీద పెట్టాను. అన్న ఇటు వైపు దిగి, మామను పడుకోబెట్టిన బండ మీద కడ్డీ నిలబెట్టాడు. వాకీటాకీలో, "దొణ కాడ ఉండా. తీసుకో" అన్నాడు. తీసుకున్నాను. కొత్తాయన చుట్టు తిరిగి జీపులో గని వైపు పోయి, అట్టడుగు మెట్టు మీద బండి నిలబడ్డ చోట కడ్డీ పెట్టాడు. అది మూడుసార్లు కొలిచాను, బుడగ మధ్యలో ఉందో లేదో ప్రతిసారీ అడిగి.

ఆఫీసుకు ఇచ్చిన పటం ప్రతిలో పద్నాలుగు పక్కన గొర్రెల దొణ అని రాశాను. ఆ రెండు రీడింగుల లెక్క వేరే కాగితం మీద వేశాను. అది అత్తకు ఇవ్వడానికి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మోక బస్సెక్కాను.

కొండను లెక్కలోకి తీసుకోకుండా, ఆయనకీ బండికీ మధ్య దూరం 412.368 మీటర్లు.